పెట్రోలు వాసన వస్తోంది, లైటు మాత్రం వెలగలేదు

2019 ఆగస్టులో మారుతి సుజుకి 40,618 వ్యాగన్‌ఆర్ కార్లను వెనక్కి పిలిపించింది. అన్నీ ఒక లీటరు ఇంజిన్ బండ్లు. 2018 నవంబరు 15కూ 2019 ఆగస్టు 12కూ మధ్య తయారైనవి. అంటే వాటిలో అన్నిటికన్నా పాతదానికి కూడా అప్పటికి ఏడాది నిండలేదు. కంపెనీ చెప్పిన కారణం ఒక్క ముక్కలో తేలిపోతుంది: పెట్రోలు గొట్టం ఒక లోహపు క్లాంపుకు ఒరుసుకునే అవకాశం ఉంది. ఇంజిన్ అదిరినప్పుడల్లా గొట్టం మీద లోహం రాసుకుంటూ పోతే చివరికి ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. అయితే ఇందులో చాలామంది దృష్టికి రాని సంగతి ఒకటుంది. అలాంటి గొట్టం అరిగి అరిగి చెమర్చడం మొదలుపెట్టినా డాష్‌బోర్డు మీద ఏ దీపమూ వెలగదు. గొట్టానికి బయటపట్టిన తడిని పసిగట్టే సెన్సరు మామూలు పెట్రోలు కార్లలో ఉండదు.

చెక్ ఇంజిన్ లైటు గురించి కార్లున్న ఇళ్లలో రెండు నమ్మకాలు బలంగా ఉన్నాయి. లైటు వెలగలేదంటే బండికి ఏమీ కాలేదన్నది ఒకటి. పెట్రోలు వాసన వచ్చి లైటు కూడా వెలిగిందంటే రెండిటికీ మూలం ఒకటే అన్నది ఇంకొకటి. రెండూ తరచుగా తప్పుదారి పట్టిస్తాయి. కొత్త కారు విషయంలో మరీ ఎక్కువ. టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించిన మచ్చ ఇంకా పోలేదు, అప్పుడే దీనికి లీకేమిటన్న ధీమా మనసులో ముందే కూర్చుని ఉంటుంది. సర్వీస్ సెంటర్లోనూ అదే ధీమా. స్కానర్ పెట్టి చూసి, కంప్యూటరు నమోదు చేసిన లోపం గుర్తు, అంటే కోడ్, లేదు కాబట్టి సమస్య లేదని బండి తిప్పి పంపేస్తారు. ఈ తప్పు ఎక్కడ జరుగుతోందో తెలియాలంటే ఆ లైటు దేన్ని చూస్తుందో, దేన్ని చూడదో విడదీసుకోవాలి.

లైటు చూపు ఎంతవరకు

ఇంజిన్ బొమ్మతో పసుపు రంగులో వెలిగే ఆ దీపం పుట్టింది కాలుష్య చట్టాల కోసం. బండి తన పొగను తానే కనిపెట్టుకుని, హద్దు దాటితే నడిపేవారికి చెప్పాలన్నది దాని ఉద్దేశం. కాలిఫోర్నియాలో మొదలైన ఈ ఏర్పాటు 1996 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకూ ఓబీడీ-2 పేరుతో తప్పనిసరి అయింది. మన దేశం యూరప్ పద్ధతిని అనుసరించింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 కాలుష్య ప్రమాణం వచ్చింది, పెట్రోలులో గంధకం పరిమితి కిలోకు 50 మిల్లీగ్రాముల నుంచి 10కి దిగింది. 2023 ఏప్రిల్ 1న రెండో దశ వచ్చి, ప్రయోగశాలలోనే కాక రోడ్డు మీద నడిపి కూడా పొగ కొలిచే పరీక్షను తెచ్చింది. అంటే ఇప్పుడు షోరూమ్‌లో దొరికే ఏ కొత్త పెట్రోలు కారైనా తన పొగను ఎప్పటికప్పుడు లెక్కగట్టుకుంటూ తిరిగేదే.

ఆ లెక్కకు ఆధారం సైలెన్సర్ గొట్టంలో కూర్చున్న ఆక్సిజన్ సెన్సర్లు. ఒకటి పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ముందు, ఇంకొకటి తర్వాత. కాలిన పొగలో ఆక్సిజన్ ఎక్కువ మిగిలితే ఇంజిన్‌కు పెట్రోలు చాలలేదని, తక్కువ మిగిలితే ఎక్కువైందని కంప్యూటరు గ్రహించి, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు తెరుచుకునే సమయాన్ని సరిచేస్తుంది. సిలిండర్లలో ఏదైనా మంట పట్టక తడబడితే క్రాంక్ షాఫ్ట్ వేగంలో వచ్చే తేడాతో పట్టుకుంటుంది.

ఇప్పుడు పెట్రోలు నడిచే దారిని గుర్తు తెచ్చుకుంటే చిక్కు విడిపోతుంది. ట్యాంకులోని పంపు, అక్కడి నుంచి బండి కింద సాగే పైపు, బానెట్ కింద పెట్రోలును పంచే రెయిల్ అనే గొట్టం, రెయిల్‌కు తగిలించిన ఇంజెక్టర్లు, సిలిండరు, ఆ తర్వాతే సైలెన్సరు. లీకు ఇంజెక్టరుకు ఇవతల, బయటి వైపు ఉంటే ఆ పెట్రోలు సిలిండరులోకే పోలేదు, పొగలో దాని జాడ ఉండదు. మామూలు ఇంజెక్షన్ ఉన్న కార్లలో పైపులో 3 నుంచి 4 బార్ ఒత్తిడి ఉంటుంది. నిమిషానికి నాలుగు చుక్కలు కారిపోయినా పంపు ఆ ఒత్తిడిని సులువుగా నిలబెడుతుంది. మిశ్రమం సరిగ్గానే ఉంటుంది, సెన్సర్లు సంతోషంగానే ఉంటాయి, లైటు వెలగదు. వేడెక్కిన ఇంజిన్ పక్కన మాత్రం పెట్రోలు కారుతూనే ఉంటుంది. ప్రమాదకరమైన లీకు నిశ్శబ్దంగా ఉండిపోవడానికి కారణం ఇదే.

లీకు ఇంజెక్టరుకు అవతల ఉంటే కథ వేరు. మూసుకోవాల్సిన ఇంజెక్టరు సరిగా మూసుకోక బొట్లుబొట్లుగా సిలిండరు వైపు కారితే మిశ్రమం చిక్కబడుతుంది, పీ0172 లాంటి కోడ్‌తో లైటు వెలుగుతుంది. బండిని వేడి మీద ఆపి పావుగంట తర్వాత స్టార్ట్ చేస్తే మొరాయిస్తుంది, సైలెన్సరు దగ్గర పచ్చి పెట్రోలు వాసన కొడుతుంది. నేల మీద మాత్రం చుక్క కనపడదు. పెట్రోలును నేరుగా సిలిండరులోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో ఇలా దిగిన పెట్రోలు పిస్టన్ రింగుల పక్కగా ఇంజిన్ ఆయిల్లోకి జారుతుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతూ వస్తుంటే, ముక్కు దగ్గర పెట్టుకున్నప్పుడు పెట్రోలు వాసన వస్తుంటే, అది వెంటనే చూపించాల్సిన బండి.

ఆవిరి సంగతి

మూడో రకం లీకు ద్రవం కాదు, ఆవిరి. వాసన ఫిర్యాదుల్లో గజిబిజి అంతా ఇక్కడే.

మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఎండలో నిలిపిన కారు ట్యాంకులో పెట్రోలు ఆవిరి ఎంత ఒత్తిడి పెడుతుందో మూత తిప్పగానే వచ్చే ‘ఉస్స్’ చెబుతుంది. ఆ చప్పుడు లోపం కాదు. ఆ ఆవిరిని గాలిలోకి వదలకూడదని చట్టం చెబుతుంది కాబట్టి, దాన్ని నల్లటి బొగ్గు గుళికలు నింపిన ఒక డబ్బాలోకి మళ్లిస్తారు. దాని పేరు క్యానిస్టర్. బొగ్గు ఆవిరిని పీల్చి పట్టి ఉంచుతుంది. బండి నడుస్తున్నప్పుడు కంప్యూటరు పర్జ్ వాల్వ్ అనే చిన్న కవాటాన్ని తెరుస్తూ మూస్తూ, ఆ ఆవిరిని ఇంజిన్‌లోకి లాగి కాల్చేస్తుంది. కొత్త కారు కొన్నవారు బానెట్ దగ్గర వినే ‘టిక్ టిక్ టిక్’ చాలాసార్లు ఈ వాల్వ్ పని చేస్తున్న చప్పుడే, భయపడనక్కర్లేదు.

అమెరికాలో ఈ ఆవిరి వ్యవస్థను కారు స్వయంగా పరీక్షించుకుని తీరాలి. 1996 మోడళ్ల కాలంలో 1 మిల్లీమీటరు రంధ్రాన్ని పట్టుకోవాలన్న నియమం, 2000 నుంచి దశలవారీగా అర మిల్లీమీటరుకు చేరింది. అందుకే డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే మనవాళ్ల కార్లలో ట్యాంకు మూత సరిగా బిగించకపోయినా లైటు వెలుగుతుంది. పీ0455, పీ0442, పీ0456, పీ0457 అన్నీ ఆ కుటుంబానికి చెందిన కోడ్‌లే. మూత బిగించి నాలుగు రోజులు తిప్పితే లైటు ఆరిపోతుంది. ఇంటర్నెట్లో దొరికే వీడియోల్లో అత్యధికం అక్కడివే కావడంతో, ‘చెక్ ఇంజిన్ లైటా, ముందు మూత చూడు’ అన్న మాట ఇక్కడ కూడా వేదవాక్కు అయిపోయింది.

యూరప్ బాటలో నడిచే మన నిబంధనల కనీస షరతు అంత కఠినంగా లేదు. పర్జ్ వాల్వ్‌కు పోయే విద్యుత్ సర్క్యూట్ తెగలేదని చూసుకుంటే ఆ షరతు తీరుతుంది. గొట్టంలో చిల్లు పడిందా, మూత వదులైందా అన్నది పట్టుకోవాలన్న నిర్బంధం లేదు. అందువల్ల హైదరాబాదులో తిరిగే చాలా కార్లలో ట్యాంకు మూత పూర్తిగా ఊడిపోయినా లైటుకు తెలియదు. మూత బిగించినందువల్ల లైటు ఆరదు కూడా. ఇక్కడి కారులో లైటు వెలిగితే మూతను వదిలి మిగతా కారణాలు వెతకాలి. ఇక్కడి కారులో పెట్రోలు వాసన వస్తే లైటు ఇచ్చే తీర్పు కోసం ఎదురుచూడకూడదు. ఒకే కంపెనీ, ఒకే పేరున్న కారు రెండు దేశాల్లో రెండు రకాలుగా ప్రవర్తిస్తుందన్న ఈ ఒక్క విషయం తెలియక ఎన్నో వారాలు వృథా అవుతున్నాయి.

బంకులో పడే బీజం

వాసన, లైటు నిజంగానే ఒకే కారణంతో రావడం కూడా జరుగుతుంది. మన దగ్గర దానికి మొదటి కారణం బంకులో రౌండ్ ఫిగర్ అలవాటు. ట్యాంకు నిండగానే గన్ తనంతట తాను ‘టక్’మని ఆగిపోతుంది. మీటరు మీద 2,863 రూపాయలు ఉంటే దాన్ని 2,900 చేయడానికి మళ్లీ నొక్కుతారు, మళ్లీ ఆగుతుంది, ఇంకోసారి నొక్కుతారు. గన్ ఆగాక ట్యాంకు పైభాగంలో మిగిలే ఖాళీ ఆవిరి కోసం వదిలిన చోటు. అక్కడ పెట్రోలు చేరితే ఆవిరి పోవాల్సిన గొట్టంలోకి ద్రవమే పోయి క్యానిస్టర్‌లోని బొగ్గును నానబెడుతుంది. నానిన బొగ్గు ఆవిరిని పట్టలేదు, వాసన బయటికి కొడుతుంది. పర్జ్ వాల్వ్ తెరుచుకున్నప్పుడు ఆవిరికి బదులు చిక్కటి పెట్రోలు ఇంజిన్‌లోకి దూకుతుంది, మిశ్రమం చెడి లైటు వెలుగుతుంది. ఒక్కసారికి ఇంత జరగకపోవచ్చు. ప్రతివారం అదే పని చేస్తే కొత్త కారు క్యానిస్టర్ కూడా తొందరగా పాడవుతుంది.

దీన్ని, వేసవిలో ట్యాంకు నిండా పోయిస్తే పేలిపోతుందని ఫోన్లలో తిరిగే సందేశంతో కలపకూడదు. అది నిజం కాదని, కంపెనీ చెప్పిన హద్దు వరకు ఏ కాలంలోనైనా నింపుకోవచ్చని ఇండియన్ ఆయిల్ సంస్థే వివరణ ఇచ్చింది. ఆ హద్దు అంటే గన్ మొదటిసారి ఆగిన చోటు.

బంకు వల్ల వచ్చే ఇంకో ఇబ్బంది వానాకాలానిది. ఇప్పుడు పోసేది ఇథనాల్ కలిసిన పెట్రోలు. భూమిలోని ట్యాంకులోకి నీళ్లు దిగితే ఇథనాల్ ఆ నీళ్లతో కలిసి అడుగుకు చేరుతుంది. ఆ అడుగు సరుకు పోయించుకున్న బండి నాలుగు కిలోమీటర్లలో తడబడి, పీ0300 కోడ్‌తో లైటు వెలిగిస్తుంది. ఇంధనం పోయించిన వెంటనే లైటు వెలిగితే బిల్లు జాగ్రత్త చేసి, ట్యాంకు నుంచి నమూనాను గాజు సీసాలోకి తీయించి చూడటం మంచిది. రెండు పొరలుగా విడిపోతే కారులో లోపం లేనట్టే. 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలే కొత్త కార్ల గొట్టాలను తినేస్తోందన్న భయం మాత్రం 2023 ఏప్రిల్ తర్వాత ఆ ఇంధనానికి తగ్గట్టు చేసిన బండ్ల విషయంలో అంతగా పనికిరాదు. వాటి రబ్బరు భాగాలను దానికి తట్టుకునేలా ఎంచుకున్నారు.

వాసన ఎప్పుడు, ఎక్కడ

మెకానిక్‌కు స్కానర్ ఇచ్చే సమాచారం కన్నా విలువైనది ఒక్కోసారి బండి నడిపేవారి జ్ఞాపకం. వాసన వెనక సీట్లో ఎక్కువా, ముందు ఏసీ గాలిలోనా? ట్యాంకు నింపిన రోజే వచ్చి, సగానికి దిగాక పోతోందా? పొద్దున్నే మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడా, ఊరంతా తిరిగి వచ్చి ఆపిన పది నిమిషాలకా?

నింపిన రోజే వెనకవైపు వస్తే అనుమానం ట్యాంకు పైభాగం మీదికి పోతుంది. చాలా కార్లలో వెనక సీటు కింద ఒక మూత ఉంటుంది. దాని కింద పెట్రోలు పంపు, దాన్ని బిగించే పెద్ద రింగు, రబ్బరు సీలు. ఆ సీలు మడతపడినా, రింగు పూర్తిగా తిరగకపోయినా ట్యాంకు నిండుగా ఉన్నంతసేపు పెట్రోలు చెమరుస్తుంది, మట్టం దిగగానే ఆగిపోతుంది. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లేసరికి ట్యాంకు సగమై ఉంటుంది, వాళ్లకు ఏమీ దొరకదు. ఈ ఫిర్యాదుకు నిండు ట్యాంకుతో వెళ్లడమే మందు.

పొద్దున్నే చలి మీద ముందువైపు వచ్చి, ఇంజిన్ వేడెక్కాక పోయే వాసన ఇంజెక్టర్ల దగ్గరి రబ్బరు రింగులనో పైపు జాయింట్లనో చూపిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు ముడుచుకున్న రబ్బరు వేడికి ఉబ్బి సందు మూసేస్తుంది. దీనికి మందు, బండిని రాత్రంతా సర్వీస్ సెంటర్లోనే ఉంచి తెల్లవారి మొదటి స్టార్ట్ వాళ్ల చేతే చేయించడం. వేడి మీద ఆపాక వచ్చే వాసనలో క్యానిస్టర్ పాత్ర ఎక్కువ.

కొత్త బండిలో పెట్రోలు కాని వాసనలూ ఉంటాయి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు సైలెన్సరు మీది పూతలు, తుప్పు పట్టకుండా కొట్టిన మైనం కాలి ఘాటు వాసన వస్తుంది. బండి కింద చేరే నీటి మడుగు చాలాసార్లు ఏసీ నీళ్లే. పెట్రోలైతే తుడవకముందే ఆవిరవుతుంది, కాగితం మీద పడితే అంచున పలచటి మచ్చ వదులుతుంది. ఇంకోటి కూడా చెప్పుకోవాలి: కోతల కాలంలో రోడ్ల మీద ఆరబోసిన వరిగడ్డి బండి కింద చుట్టుకుంటే, వందల డిగ్రీల వేడిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ పక్కన కమురు వాసన వస్తుంది. ఇది పెట్రోలు లీకు కాదు. కానీ అంతకన్నా తక్కువ ప్రమాదమూ కాదు. వెంటనే ఆపి గడ్డి తీసేయాలి.

నిజంగా పెట్రోలు వాసనే అయితే, కారణం వెతకడానికి ముందు చేయాల్సింది వేరే ఉంది. పెట్రోలు సున్నాకు 40 డిగ్రీల కింద కూడా మంట అందుకోగల ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు, నేలను అంటిపెట్టుకుని పల్లానికి పాకుతుంది. గాలిలో దాని పాలు సుమారు 1.4 శాతం చేరితే చాలు, ఒక నిప్పురవ్వ సరిపోతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్ దీనికి అన్నిటికన్నా చెడ్డ చోటు. అక్కడ ఆవిరి పోయే దారి ఉండదు, పక్కనే జనరేటరో లిఫ్టు మోటారో ఉంటుంది. తడి కనిపిస్తే స్టార్ట్ చేసి పైకి తేవడం కన్నా, నలుగురిని పిలిచి గేరు న్యూట్రల్లో పెట్టి నెట్టడం మేలు. అది ఎత్తెక్కదనుకుంటే అక్కడే వదిలేసి టోయింగ్ బండిని పిలవాలి. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో రెయిల్ ఒత్తిడి 150 నుంచి 350 బార్ దాకా ఉంటుంది. నడుస్తున్న ఇంజిన్ మీద లీకు ఎక్కడుందోనని వేలితో తడమడం చర్మాన్ని చీల్చే పని.

లైటు విషయంలో అంత తొందర ఒక్క సందర్భంలోనే ఉంది. స్థిరంగా వెలుగుతుంటే నెమ్మదిగా నడిపి ఒకటి రెండు రోజుల్లో చూపించవచ్చు. మిణుకుమిణుకుమంటుంటే సిలిండర్లలో కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతోందని అర్థం. ప్లాటినం, పల్లాడియం, రోడియం పూసిన ఆ తేనెపట్టు లాంటి దిమ్మ కరిగిపోతే పోయేది పెద్ద మొత్తమే. బండిని పక్కకు తీసి ఆపాలి.

కొత్తదానికి లీకేమిటంటే

కర్మాగారంలో జరిగే పొరపాట్లు మూడు నాలుగు చోట్లే ఎక్కువ. ఈనాటి పెట్రోలు పైపులు చాలావరకు ప్లాస్టిక్కువి, వాటి చివర్లు ‘టక్’మని కూర్చునే కనెక్టర్లు. ఆ శబ్దం రాకుండా సగం దాకా దిగినా తొలిరోజు పట్టుకుంటాయి, ఐదారు వందల కిలోమీటర్ల అదురుకు జారుతాయి. రబ్బరు రింగు ఇంజెక్టరు బిగించేటప్పుడు నలగడం ఇంకొకటి. వ్యాగన్‌ఆర్ లాగా గొట్టం నడిచే దారే తప్పు కావడం మూడోది.

వీటికన్నా తరచుగా జరిగేది, కారు కర్మాగారం దాటి వచ్చాక జరిగే పని. సీటు కవర్లు వేయడానికి వెనక సీటు లాగుతారు, రివర్స్ కెమెరా వైరు కోసం బండి కింద పైపుల క్లిప్పులు ఊడదీస్తారు, అండర్ కోటింగ్ పేరుతో నల్లటి పూత కొడుతూ క్యానిస్టర్ గాలి దారిని కూడా పూసేస్తారు. కారు అప్పగించే ముందే, షోరూమ్ వెనక షెడ్డులో ఇవన్నీ అయిపోతాయి. అందుకే కొత్త కారులో వాసన వస్తే మొదట అడగాల్సిన ప్రశ్న, డెలివరీకి ముందూ తర్వాతా ఏయే యాక్సెసరీలు ఎవరు బిగించారన్నది.

ఆ తర్వాత ఎలుకలు. రెండు మూడు రోజులు కదలని కొత్త కారు బానెట్ వాటికి వెచ్చటి ఇల్లు. వైర్లనే కాదు, ప్లాస్టిక్ పెట్రోలు పైపునూ కొరుకుతాయి. పంటి గాట్లు, పెంటికలు దొరికితే విషయం తేలిపోతుంది. వారంటీ ఇలాంటి నష్టాన్ని సాధారణంగా ఒప్పుకోదు, ఇన్సూరెన్స్ పాలసీలో ఏం రాసుందో చూసుకోవాలి.

స్కానర్ చేతికి వచ్చాక

స్టీరింగు దగ్గర, మోకాళ్ల పైన 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. దానికి తగిలించి ఫోన్‌తో కలిపే బ్లూటూత్ పరికరాలు తక్కువ ధరకే దొరుకుతున్నాయి. కోడ్ చదవడం అందరికీ అందుబాటులోకి వచ్చింది, మంచిదే. అదే చేత్తో కోడ్ చెరిపేయడం కూడా సులువైంది. అది మంచిది కాదు.

చాలా కోడ్‌ల విషయంలో కంప్యూటరు ఒక్కసారి చూసి లైటు వెలిగించదు. వరసగా రెండు డ్రైవింగ్ సైకిళ్లలో (స్టార్ట్ చేసి, నడిపి, ఆపడం ఒక సైకిల్) అదే లోపం కనిపించాలి. అలా ధ్రువపడినప్పుడు ఆ క్షణపు వివరాలను కూడా దాచిపెడుతుంది: వేగం ఎంత, ఇంజిన్ వేడి ఎంత, లోడు ఎంత, ఫ్యూయల్ ట్రిమ్ ఎంత. దీన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. లోపం మళ్లీ కనిపించకపోతే మూడు సైకిళ్ల తర్వాత లైటు తనంతట తానే ఆరిపోతుంది, కోడ్ మాత్రం ఇంజిన్ నలభైసార్లు వేడెక్కేదాకా జ్ఞాపకంలో ఉంటుంది. అంటే లైటు ఆరిన తర్వాత సర్వీస్ సెంటర్‌కు వెళ్లినా ఆధారం లోపలే ఉంది. క్లియర్ బటన్ నొక్కితే కోడ్, ఫ్రీజ్ ఫ్రేమ్ రెండూ ఒకేసారి పోతాయి. అడిగి తెలుసుకోగలిగిన సాక్షిని మనమే పంపించేసినట్టు.

ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు చదవడం వస్తే సగం పని అయినట్టే. కంప్యూటరు తన లెక్కకు ఎంత పెట్రోలు కలుపుతోందో, ఎంత కోస్తోందో శాతాల్లో చెప్పే అంకె అది. కూడికలో 10 దాటి నిలబడితే గాలి దొంగతనంగా లోపలికి వస్తోందనో పెట్రోలు ఒత్తిడి చాలడం లేదనో అనుకోవాలి. తీసివేతలో 10 దాటితే ఎక్కడి నుంచో అదనపు పెట్రోలు దిగుతోంది. అది ఇంజెక్టరా, నానిపోయిన క్యానిస్టరా అన్నది తేల్చడానికి పర్జ్ గొట్టాన్ని కాసేపు నొక్కి మూసి చూస్తారు. ట్రిమ్ వెంటనే మామూలు స్థితికి వస్తే దోషం క్యానిస్టర్ వైపుది. రాకపోతే ఒత్తిడి గేజీ తగిలించి ఇంజిన్ ఆపి చూడాలి. అంకె గబగబా పడిపోతే ఇంజెక్టరో, పంపులోని కవాటమో పట్టు వదిలిందని తెలుస్తుంది.

ఏ కోడూ లేకుండా ఉత్త వాసన మాత్రమే ఉంటే స్కానర్‌ను పక్కనపెట్టి వేరే సాధనాలు తీయాలి. ఆవిరి గొట్టాల్లోకి చాలా తక్కువ ఒత్తిడితో పొగ పంపి అది ఎక్కడ లేస్తుందో చూసే స్మోక్ టెస్ట్ ఒకటి. పెద్ద సర్వీస్ సెంటర్లలో ఆ యంత్రం ఉంటుంది, అడిగితే గాని తీయరు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే గ్యాస్ అనలైజర్ కూడా అక్కరకు వస్తుంది. దాని గొట్టాన్ని సైలెన్సర్‌లో పెట్టకుండా పైపు జాయింట్ల పక్కగా నెమ్మదిగా జరిపితే, హైడ్రోకార్బన్ అంకె ఎక్కడ ఎగిరితే అక్కడ లీకు. కంటికి కనపడని చెమ్మ ఇలా దొరుకుతుంది. కొత్త కారుకు మొదటి ఏడాది పొల్యూషన్ సర్టిఫికెట్ అవసరం లేదు కాబట్టి ఆ యంత్రాన్ని కొత్త బండి దగ్గరికి తేవాలన్న ఆలోచనే ఎవరికీ రాదు.

సాఫ్ట్‌వేర్‌కు చూపు నేర్పితే

ద్రవపు లీకును లైటు చూడలేదు అన్నదానికి మినహాయింపు ఒకటి ఈ మధ్య వచ్చింది. 2022 నవంబరులో ఫోర్డ్ అమెరికాలో దాదాపు 5.2 లక్షల ఎస్కేప్, బ్రాంకో స్పోర్ట్ బండ్లకు రీకాల్ ప్రకటించింది, అంటే వెనక్కి పిలిపించింది. 1.5 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజిన్లో ఇంజెక్టరు పగిలి, పెట్రోలు వేడి భాగాల మీద పడి మంటలు లేచే ప్రమాదం ఉందన్నది కారణం. చేసిన మరమ్మతు మాత్రం ఆశ్చర్యం కలిగించేది. రెయిల్ ఒత్తిడి అసహజంగా పడిపోతే గుర్తించి డాష్‌బోర్డు మీద సందేశం ఇచ్చి, అధిక ఒత్తిడి పంపును ఆపి, ఇంజిన్ బలాన్ని తగ్గించే కొత్త సాఫ్ట్‌వేర్ వేశారు. కారిన పెట్రోలు వేడి భాగాలకు దూరంగా పోయేలా ఒక చిన్న గొట్టం అమర్చారు. ఇంజెక్టర్లను వరసగా అన్ని బండ్లలో మార్చలేదు. ఆ మరమ్మతు సరిపోతుందా అని 2024 ఏప్రిల్లో అక్కడి రహదారి భద్రతా సంస్థ విచారణ మొదలుపెట్టింది. 2025 జులైలో ఫోర్డ్ అదే ఇబ్బంది మీద దాదాపు 6.94 లక్షల బండ్లకు మళ్లీ రీకాల్ ప్రకటించాల్సి వచ్చింది.

ఒత్తిడి తగ్గుదలను గమనించి హెచ్చరించడం మంచి ఆలోచనే, ప్రతి కొత్త కారులోనూ ఉండాల్సిందే. అయితే హెచ్చరిక రావడం ఒకటి, పగిలిన భాగం మారడం ఇంకొకటి. లీకును కనిపెట్టే తెలివి బండికి ఇచ్చి, లీకయ్యే వస్తువును బండిలోనే ఉంచడం యజమాని మీద భారం వేయడమే. మన సర్వీస్ సెంటర్లలో ‘సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం, ఇక లైటు రాదు’ అన్న మాట వినిపించినప్పుడు, లైటు రాకుండా చేశారా, లోపం రాకుండా చేశారా అని విడిగా అడగాలి. ఏ భాగం పరీక్షించారో, ఏది మార్చారో కాగితం మీద ఉండాలి.

బండి ఇచ్చేటప్పుడు సర్వీస్ సెంటర్లో ఫిర్యాదు రాసుకునే జాబ్ కార్డ్ మీది మాటలకు ఇందుకే అంత బరువు. ‘జనరల్ చెకప్’ అని రాయించుకుంటే తర్వాత దానికి విలువ లేదు. ‘నిండు ట్యాంకుతో ఉన్నప్పుడు వెనక సీటు దగ్గర పెట్రోలు వాసన, ఉదయం మొదటి స్టార్ట్ తర్వాత ఐదు నిమిషాలు ఎక్కువ’ అని, తేదీ, కిలోమీటర్ల అంకెతో సహా రాయించాలి. లైటు వెలిగి ఉంటే చెరిపే ముందే కోడ్, ఫ్రీజ్ ఫ్రేమ్ ప్రింటు తీసి ఇవ్వమనాలి. ‘చూశాం, ఏమీ కనిపించలేదు’ అన్నా అది కూడా రాసి ఇవ్వమనాలి. ఒకే ఫిర్యాదుతో మూడు జాబ్ కార్డులు ఉన్న మనిషి, వట్టి చేతులతో వెళ్లి వాదించే మనిషి ఒకటి కాదు. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, 50 లక్షల వరకు విలువైన వివాదాలను జిల్లా కమిషన్ వింటుంది.

2021 ఏప్రిల్ 1 వరకు మన దేశంలో రీకాల్ అంటే కంపెనీలు తమంతట తాము చేసేదే. ఆ రోజు నుంచి కేంద్ర మోటారు వాహనాల నిబంధన 127సీ అమల్లోకి వచ్చింది. ఏడేళ్ల లోపు బండ్లలో భద్రతకు ముప్పు తెచ్చే లోపం గురించి ఫిర్యాదులు నిర్ణీత సంఖ్య దాటితే ప్రభుత్వమే విచారణ జరిపి రీకాల్‌కు ఆదేశించవచ్చు, 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. ఆ లెక్కలోకి వచ్చేది రవాణా శాఖ వాహన్ పోర్టల్‌లో నమోదైన ఫిర్యాదులు. సర్వీస్ అడ్వైజర్‌తో నోటిమాటగా చెప్పి వచ్చిన పెట్రోలు వాసన అందులో చేరదు.